లోపలికి దిగక్కర్లేని ఉద్యోగం

కామరాజుకి పై పదవుల మీద మోజు ఎప్పుడూ లేదు. లీడ్ ఇన్‌స్పెక్టర్ అయిపోవాలని అతను అనుకున్నది భయం వల్ల.

గాజువాక చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ షెడ్లలో పదిహేనేళ్లుగా వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు అతను. రసాయనాల కంపెనీలకి కావలసిన పెద్ద పెద్ద ఉక్కు ట్యాంకులు ఆ షెడ్లలో తయారవుతాయి. వెసెల్ అంటారు. వెల్డర్లు అతుకులు వేశాక, టార్చి పట్టుకుని మ్యాన్‌హోల్‌లోంచి లోపలికి దూరి, ప్రతి అతుకూ చూసి, బాగుందో లేదో చెప్పడం కామరాజు పని. లీడ్ ఇన్‌స్పెక్టరుకి ఆ అవస్థ ఉండదు. అతనికి తెలిసిన లీడ్లందరూ ఏసీ గదిలో కూర్చుని, కిందివాళ్లు తెచ్చిన రిపోర్టుల మీద సంతకాలు పెట్టేవాళ్లే.

రెండేళ్ల కిందటి దాకా వెసెల్‌లో దూరడం అతనికి వీధి గదిలోంచి వంటింట్లోకి వెళ్లినట్టే ఉండేది. ఆ తర్వాత అలా లేదు.

అప్పటి షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. లోపలికి దిగేవాడు మెడలో కార్డు తీసి మ్యాన్‌హోల్ పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. కొక్కేనికి కార్డు ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. క్యాంటీనులో ఇంకో పద్ధతి. కార్డు చూపిస్తేనే భోజనం, ఒక కార్డుకి ఒకటే ప్లేటు. ఆలస్యంగా వెళితే చేపల పులుసులో పులుసే మిగిలేది. అందుకని లోపలున్నవాళ్ల కార్డులు బయటున్నవాళ్లు పట్టుకెళ్లి ప్లేట్లు తెచ్చిపెట్టడం షెడ్డులో అందరూ చేసేదే. అదొక స్నేహం. కార్డు తీసేటప్పుడు, లోపల మనిషి ఉన్నాడని మ్యాన్‌హోల్ దగ్గరి కాపలా మనిషితో ఒక మాట చెప్పి వెళ్లేవాళ్లు.

ఆ రోజు కామరాజు కార్డు ఫిట్టర్ చంటి పట్టుకెళ్లాడు. కాపలా మనిషికి చెప్పే వెళ్లాడు. చంటి వచ్చేలోగా కాపలా మనిషి మారాడు. కొత్తగా వచ్చినవాడు కొక్కెం చూశాడు, ఖాళీగా ఉంది. మ్యాన్‌హోల్ మీద రేకు కప్పేశాడు. వెల్డింగు కోసం లోపలికి ఆర్గాన్ వదిలారు.

ఆర్గాన్ వాయువుకి రంగు లేదు, వాసన లేదు, ఊపిరికి పనికిరాదు. గాలికంటే బరువు కాబట్టి అడుగునుంచి నీళ్లలా నిండుతుంది. అడుగు అతుకు మీదకి వంగి ఉన్న కామరాజుకి బుస్సుమని చప్పుడు వినిపించింది. పక్క షెడ్డు కంప్రెసర్ అనుకున్నాడు. తల తిప్పి చూస్తే మ్యాన్‌హోల్ వెలుగు లేదు. లేవబోతే మోకాళ్లు మాట వినలేదు. అరిచాననుకున్నాడు గానీ గొంతు పెగల్లేదు. చేతిలో టార్చి గోడకేసి కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. రెండు ప్లేట్లతో వస్తున్న చంటికి ఆ చప్పుడు వినిపించబట్టి కామరాజు బతికాడు.

సూపర్‌వైజరు మంచినీళ్లిచ్చాడు. "ఏటీ అవలేదు కదా, ఇంటికెళ్లి పడుకో" అన్నాడు. జరిగింది ఎవరూ ఎక్కడా రాయలేదు. ఇంట్లో కామరాజు చెప్పలేదు. అప్పట్నుంచి అతను లిఫ్టు ఎక్కడు. స్నానాల గదికి గడియ పెట్టుకోడు. పనిలో నడుంనొప్పి సాకు చెప్పి బయటి అతుకులు తను తీసుకుని, లోపలివి వేరేవాళ్లకి అంటగడుతూ నెట్టుకొస్తున్నాడు. ఈ సాకు ఎంతకాలం నిలుస్తుందన్నది ఇంకో భయం.

ఓ ఆదివారం చంటి ఫోన్ చేశాడు. "బావా, ఏటి సేత్తన్నావ్? అచ్యుతాపురంలో లీడ్ ఇన్‌స్పెక్టర్ పోస్టు పడింది. బయోడేటా ఎట్టు."

"నాకిస్తారేట్రా?"

"నీకివ్వకపోతే నాకిత్తారా? నాను పదో తరగతే గట్టెక్కలేదు. ఎట్టి సూడు బావా, పోయేదేటుంది?"

కామరాజు కూతురు అలేఖ్య ద్వారకానగర్‌లో ఉద్యోగాలిప్పించే కన్సల్టెన్సీలో పనిచేస్తుంది. ఆ పిల్లకి రోజంతా వచ్చిన రెజ్యూమెలు చదివి పక్కన పారేయడమే పని. తండ్రి పాత బయోడేటా చూసి నవ్వింది.

"ఇది రెజ్యూమె కాదు నాన్నా, పెళ్లి సంబంధానికి పంపే కాయితం. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు... మళ్లీ హాబీలు క్యారమ్స్ అంట! క్యారమ్స్ ఆడితే అతుకు గట్టిగా ఉంటాదేటి?"

"ఉండనీయే, మనిషెలాంటోడో తెలుస్తాది."

"టీ చల్లారేలోగా నాను ఇలాంటివి ఓ కట్ట తిప్పేస్తాను. మనిషెలాంటోడో చూసే తీరికెవరికుంది?" అంటూ సగం పేజీ చెరిపేసింది. "'వెల్డింగ్ అతుకులు తనిఖీ చేయుట.' ఇది ప్రతివాడూ రాసేదే. నువ్వు చూడబట్టి ఏటి ఆగింది? అది చెప్పు."

కామరాజు ఆలోచించాడు. "తుపానప్పుడు వెల్డింగ్ రాడ్లు తడిసిపోయాయి. ఆరబెట్టకుండా వాడేశారు. ఆ అతుకులన్నీ కోయించి మళ్లీ వేయించాను. వారం ఆలస్యమైందని ఓనరు నాతో మాటాడ్డం మానేశాడు."

"మరి ఇది ఎక్కడా రాయలేదేటి!"

"తిట్లు తిన్న పని ఎవరైనా రాస్తారా?"

"అదే పైన రాయాలి. నీ దగ్గర పని నేర్చుకున్నోళ్లున్నారా? లీడంటే నువ్వొక్కడివీ చూడ్డం కాదు, పదిమంది చేత చూపించడం."

నేర్చుకున్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. సర్టిఫికెట్ల ఎదురుగా అవి ఎప్పటిదాకా చెల్లుతాయో అలేఖ్య వేసింది. "ఇది లేకపోతే సర్టిఫికెట్ లేనట్టే లెక్క" అంది. రెండు పేజీలు దాటనివ్వలేదు. ఆఖర్న కంపెనీ ప్రకటన తెరిచి, వాళ్లు మొట్టమొదట ఏం అడిగారో చూసి, అదే మాట రెజ్యూమె నెత్తిన టైపు చేసింది: వెసెల్ లోపలికి దిగి తనిఖీ చేయడంలో పదిహేనేళ్ల అనుభవం.

కామరాజు ఆ వరుస మీద వేలు పెట్టాడు. "అది తీసెయ్యమ్మా."

"ఎందుకు? వాళ్లకి కావలసిందే అది. పదిహేనేళ్లు దిగలేదా?"

"దిగాను."

"మరి?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. కామరాజు ఫ్యాను వంక చూశాడు. "ఉండనీలే" అన్నాడు. ఆ పిల్ల పంపేసింది.

నాలుగు రోజుల్లో పిలుపొచ్చింది. అచ్యుతాపురం బస్సులో కామరాజు కిటికీ పక్కనే కూర్చుని, అద్దం పూర్తిగా తెరిచిపెట్టుకున్నాడు. గదిలో ఏసీ కింద నాలుగు ప్రశ్నలడిగి పంపిస్తారు, అంతే కదా అని తనకి తనే చెప్పుకుంటూ వెళ్లాడు.

గదిలో ఇద్దరున్నారు. క్వాలిటీ మేనేజరు శ్రీరామ్మూర్తి, ముక్కు మీద కళ్లద్దాలు, ముక్తసరి మాట. సేఫ్టీ ఆఫీసరు ఆశాజ్యోతి, ఇంచుమించు అలేఖ్య వయసు. తడిసిన రాడ్ల సంగతి శ్రీరామ్మూర్తి గుచ్చిగుచ్చి అడిగాడు. కామరాజు బాగానే చెప్పాడు. పని అయిపోయిందనుకుని లేవబోతుంటే, శ్రీరామ్మూర్తి హెల్మెట్ అందుకున్నాడు.

"పదండి. యార్డులో ఒక వెసెల్ రెడీగా ఉంది. చూసొచ్చి ఎలా ఉందో చెప్పండి."

వెసెల్ అడ్డంగా పడుకోబెట్టి ఉంది. మ్యాన్‌హోల్ నల్లగా నోరు తెరుచుకుని ఉంది. గాలి పరీక్ష అయిందని ఆశాజ్యోతి మీటరు చూపించింది. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. కామరాజు కళ్లు అంకెలు చదివాయి గానీ ఒళ్లు నమ్మలేదు. గేటు దగ్గర ఇచ్చిన విజిటర్ కార్డు కొక్కేనికి తగిలించాడు. తల దూర్చాడు, భుజాలు దూర్చాడు.

లోపల అంతా తన ఊపిరి చప్పుడే. వాసన ఉండదని తెలిసీ ముక్కు ఎగబీల్చాడు. మొదటి అతుకు చూశాడు. రెండోది చూశాడు. వెనక్కి తిరిగి మ్యాన్‌హోల్ వెలుగు ఉందో లేదో చూసుకున్నాడు. అవతలి చివర గుండ్రటి మూతకి ఉన్న అతుకు చీకట్లో ఉంది. అటు ఒక్క అడుగు వేశాడు. ఎక్కడో బుస్సుమంది. నిజంగా అందో, తనకే అలా అనిపించిందో తెలియదు. బయట వెలుగులో పడ్డాకగానీ తను పాకుతూ వచ్చినట్టు అతనికి తెలియలేదు.

"అంతా చూశారా?" శ్రీరామ్మూర్తి అడిగాడు.

చూశానంటే చాలు. ఉద్యోగం చేతికొస్తుంది, ఏసీ గది వస్తుంది. ఆ అతుకు ఎలాగూ ఎవడో ఒకడు చూస్తాడు. చూడకపోతే, రేపు ఆ వెసెల్‌లో యాసిడ్ పోసి వేడిచేసేటప్పుడు పక్కన ఎవడు నిలబడి ఉంటాడో కామరాజుకి తెలుసు. చంటిలాంటి వాడెవడో ఉంటాడు.

"లేదు సార్. ఆఖరి అతుకు చూడలేదు."

"ఏం?"

"భయమేసింది."

శ్రీరామ్మూర్తి కళ్లద్దాలు తీశాడు. "పదిహేనేళ్ల అనుభవమని రాశారు?"

"దిగింది పదమూడేళ్లు సార్. భయం రెండేళ్లది."

గ్రైండర్ ఒకటి ఎక్కడో కీచుమంటోంది. ఆశాజ్యోతి ఒక అడుగు ముందుకేసింది. "మళ్లీ దిగుతారా?"

కామరాజు లేదందామనుకున్నాడు. "బయట ఎవరుంటారు మేడం?" అని అడిగాడు.

"నేనే ఉంటాను."

"నాను వచ్చేదాకా కదలకండి. ఫోనొచ్చినా, పెద్దసారు పిలిచినా. లోపలినుంచి కొడతాను, మీరు తిరిగి కొట్టాలి."

రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువ భయమేసింది. అడుగడుగుకీ టార్చితో గోడ మీద కొట్టాడు. బయటినుంచి టక్కుమని జవాబు వచ్చాకే ఇంకో అడుగు వేశాడు. ఆఖరి అతుకు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. టార్చి రెండు చేతులతో పట్టుకుని, కింది నుంచి పైదాకా చూశాడు. అతుకు బాగానే ఉంది. ఆ మాట బయటికొచ్చి చెప్పాడు.

"మిమ్మల్ని తీసుకుంటున్నాం" అన్నాడు శ్రీరామ్మూర్తి. "భయస్తుడని కాదు, చూడనిది చూడలేదన్నారని. ఒక్క సంగతి ముందే చెబుతున్నాను. మా యార్డులో లీడ్ ఇన్‌స్పెక్టరే ముందు దిగుతాడు. ఆయన దిగి బాగుందంటేనే మిగతావాళ్లు దిగేది. ఒప్పుకుంటేనే రండి."

కామరాజు మ్యాన్‌హోల్ వైపు చూశాడు. రెండేళ్లుగా దేన్నుంచి పారిపోతున్నాడో ఆ పనికే తనని పెద్దని చేస్తున్నారు. నోట్లోంచి 'సరే సార్' అని వచ్చింది. ఎందుకలా అన్నాడో బస్సెక్కాక కూడా అతనికి అర్థం కాలేదు. వెసెల్ బయటినుంచి టక్కుమన్న ఆ జవాబు ఇంకా చెవిలో ఉండబట్టి కావచ్చు.

బస్సు కదలగానే అలేఖ్య ఫోన్ చేసింది. "ఏటైంది నాన్నా?"

"ఇచ్చారమ్మా."

"సూపర్! మరి గొంతేటి అలా ఉంది? ఏడుస్తున్నావేటి?"

"లేదు. దిగాలంటున్నారు. నాకు భయంగా ఉందమ్మా."

"దేనికి భయం? ఇంటికొచ్చాక చెబుతాననకు, చెప్పవు. ఇప్పుడే చెప్పు."

పక్క సీటులో చేపల గంప ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ తనవైపే చూస్తోంది. కామరాజు గొంతు తగ్గించలేదు. "అప్పుడు షెడ్డులో నా కార్డు చంటిగాడు భోజనానికి పట్టుకెళ్లాడు" అంటూ మొదలుపెట్టాడు.