సర్కారువారి పసుపు

పొద్దున లేవగానే చౌడమ్మ నూలుకు రంగేసే నీలిమందు బాన మూత తీసి, వేలు ముంచి నాలిక మీద రాసుకుంటుంది. చురుక్కుమంటే నూలు ముంచవచ్చు, చప్పగా ఉంటే ఇంకో పూట ఆగాలి. అందుకే నవ్వినప్పుడు ఆమె నాలిక నీలంగా కనిపిస్తుంది. ఎమ్మిగనూరు మగ్గాల వీధికి కాపురానికొచ్చిన కొత్త కోడళ్ళు ఆ నవ్వు చూసి జడుసుకునేవారు.

1937లో చట్టసభ ఎన్నికలు వచ్చాయి. పన్ను కట్టే ఈరప్పకు ఓటుంది. ఆయన భార్యగా చౌడమ్మకూ వచ్చింది. చదువురానివాళ్ళ కోసం సర్కారు ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె ఇచ్చింది. ఎర్ర పెట్టె కాశీవిశ్వనాథం సెట్టి బావమరిదిది. సెట్టి నూలు పంపితేనే చౌడమ్మ ఇంట్లో బానలు నిండుతాయి, పొయ్యి వెలుగుతుంది. ఈరప్ప పోయి, ఇంటి రెండు ఓట్లూ ఎర్ర పెట్టెకేనని మాటిచ్చి వచ్చాడు. పెళ్ళాన్ని అడగాలని ఆయనకు తోచనే లేదు.

చౌడమ్మ మనసు మాత్రం పసుపు పెట్టె మీదుంది. అది ఆదోని ప్లీడరు బాలకృష్ణయ్యది. ఓటడగడానికి వచ్చిన రోజు ఆయన ఈరప్పను వదిలి, మోచేతుల దాకా రంగుతో నిలబడ్డ ఆమె వైపు తిరిగి దండం పెట్టాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ ఇంటికొచ్చిన మగవాడెవడూ ఆమెను ఏ సంగతీ అడిగి ఎరగడు.

ఓట్లనాడు బడి గుమ్మం పక్కనే సెట్టి బల్ల వేసుకుని కూర్చున్నాడు. చౌడమ్మ చీటీ పట్టుకుని గోనెపట్టా తెర వెనక్కి పోయింది. మూడు పెట్టెలున్నాయి. ఆకుపచ్చ సరే. మిగతా రెండింట్లో ఒకటి ఇటుకపొడిలా, ఇంకోటి ఎండిన కనకాంబరంలా ఉన్నాయి. ఇంకెవరైనా అయితే ఎరుపూ పసుపూ అనుకుని ఊరుకునేవారు. ఏ ఛాయకు నూలును ఎన్ని ముంపులు ముంచాలో తెలిసిన చౌడమ్మ కంటికి అక్కడ పసుపన్నదే లేదు. సెట్టి ఆ పెట్టెను మాయం చేయించాడేమో అనుకుంది. యాడుందని అడిగితే గుట్టు రట్టవుతుంది, రేపటి నుంచి నూలు రాదు.

చీటీతోనే బయటికొచ్చింది.

"ఎవరప్పా ఈ పెట్టెలకు రంగేసింది? ఒక్కటన్నా రంగు మాదిరి ఉందా?" అని ఓట్ల ఆఫీసరును నిలదీసింది.

ఆఫీసరు విసుగెత్తి, తెర ఎత్తి బెత్తంతో చూపించాడు. "ఇది ఎరుపు, ఇది ఆకుపచ్చ, ఇది పసుపు. చాలా?"

కనకాంబరమే పసుపన్నమాట. చౌడమ్మ ఎరుపుకు నాలుగు చీవాట్లు పెట్టింది. ఆకుపచ్చ రెండు ఉతుకులకే పోతుందంది. పసుపు దగ్గరకొచ్చి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇది పసుపా సామీ? మొగానికి పూసుకుని పోతే నా మొగుడు గడప తొక్కనిస్తాడా?"

బడంతా నవ్వింది. అందరికంటే గట్టిగా సెట్టి నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోగా ఆమె లోపలికి పోయి, ఆ కనకాంబరం పెట్టెలోనే చీటీ వేసేసింది.

"యా పెట్టెలో ఏసినావు చౌడమ్మా?" అన్నాడు సెట్టి గుమ్మం దగ్గర.

"అంతా సూస్తిరి గదా సామీ. ఇంగా అడుగుతారా?"

బావమరిది ఓడిపోయాడు. సెట్టికి వీధి వీధంతటి మీదా అనుమానమే. చివరికి ఈరప్పను ఉరుకుంద ఈరన్న గుడికి తీసుకుపోయి ప్రమాణం చేయించాడు. పాపం, ఆయన నిజంగానే ఎర్ర పెట్టెలో వేశాడు కాబట్టి ధైర్యంగా చేశాడు. చౌడమ్మను మాత్రం ఎవరూ ప్రమాణం అడగలేదు. పసుపును ఆమె ఎంత చీదరించుకుందో సెట్టి కళ్ళారా చూశాడు మరి.

ఇప్పుడామెకు అరవై దాటాయి. ఈరప్ప పోయి రెండేళ్ళయింది. సెట్టి నూలు ఇప్పటికీ ఆ ఇంటికే వస్తోంది.