మిగిలిన పుల్ల

తోటి సైకిలిస్టుల దగ్గర నేర్చుకుని నేను స్పోకు పుల్లలు బిగించిన మొదటి చక్రం అది. తిప్పితే ఊగుతోంది, బెండు పోలేదు. కొత్తకోట బస్టాండులో పక్కన కూర్చున్న ముసలాయన నా ఒళ్లో ఉన్న దాన్ని తిప్పమని, అంచుకు ఎడమ బొటనవేలి గోరు ఆనించాడు.

"సైకిల్ దుకాణం మూసిన. కుడిచెయ్యి పడిపోయింది గని, గీ గోరుకు ఇంకా తెలుస్తది. అన్నీ బిగించుకుంటనే పోయినవ్ బిడ్డా. ఎదురు పుల్ల జర వదులు చెయ్యాలె."

గోరు తగిలినచోట ఆయన చూపించాడు, నేను పానాతో తిప్పాను. ఇంకొక్క పుల్ల ఉందనగా బస్సొచ్చింది. దవాఖానకు తీసుకుపోతున్న కూతురు ఆయన్ను లేపింది.

"గది నేనొచ్చినంక చూద్దాం. ఈడనే ఉండు."

నా బస్సు వదిలేసి సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఆ పుల్లను ఇప్పటికీ ముట్టుకోలేదు. చక్రం తిరిగినప్పుడల్లా అక్కడ బ్రేకుకు రాసుకుంటుంది.