గాలక్క ఇచ్చిన స్టెప్నీ

కిడ్నీ రోగుల్ని డయాలిసిస్‌కి తీసుకెళ్లే వ్యాను నడుపుతుంది కాబట్టి ఆసుపత్రిలో ఆమెను డ్రైవరమ్మ అంటారు. వీధిలో మాత్రం గాలక్క. ఎవరి బండి ఆగి కనిపించినా, పలకరింపు కన్నా ముందు "గాలి చూసుకున్నారా?" అంటుంది, అందుకని.

అదేమీ ఊరికే అలవడలేదు. పనిలో చేరిన కొత్తలో రోడ్డు మధ్యలో పంచరైంది. బండి కింద వేలాడే స్టెప్నీని దించబోతే గొలుసు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. గుంజి గుంజి దించితే, ఆ టైర్లోనూ గాలి లేదు. వెనక సీట్లో రిటైరైన పోస్టుమాస్టరు, వాచిన కాళ్లతో, ఎండలో అలాగే కూర్చుండిపోయాడు. ఒక్క మాట అనలేదాయన. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేది. ఆ రోజుతో ఆమెకి కుదురు పోయింది.

అప్పట్నుంచి పొద్దున ఇంజను స్టార్ట్ చేయకముందే గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరుతుంది. స్టెప్నీకి గాలి కొలిచే గేజి పెట్టి చూస్తుంది. వాడకపోయినా గాలి తగ్గుతుందని, కాస్త ఎక్కువే కొట్టిస్తుంది. వాల్వు మీద తడి వేలు పెట్టి బుడగ వస్తుందేమో చూస్తుంది. గొలుసుకి నూనె రాస్తుంది. జాకీ, స్పానరు, జాకీ కింద వేసే చెక్క, చక్రానికి అడ్డంపెట్టే ఇటుక, అన్నీ సీటు కిందే. అయినా మనసు ఆగదు. తింటున్న కంచం వదిలి మళ్లీ చూసొస్తుంది.

"టైరు ఎక్కడికీ పారిపోదే, కూర్చుని తిను," అంటాడు ముందుగదిలో మిషను కుడుతున్న మొగుడు.

మరిది స్కూలు వ్యాను నడుపుతాడు. అదీ ఇలాంటి బండే. వాడికి ఇదంతా వేళాకోళం. "వదినా, దాన్ని లోపలికి తెచ్చి పక్కేసి పడుకోబెట్టకపోయావా!"

"నీదెలా ఉంది?"

"ఉందిలే. వేలాడుతోంది."

వాన వెలిసిన ఒక ఉదయం, రోగులతో వెళ్తుంటే, రోడ్డు పక్కన మరిది వ్యాను ఒరిగి కనిపించింది. కిటికీల్లోంచి పిల్లలు తొంగిచూస్తున్నారు. వాడు మోకాళ్లదాకా బురదలో ఉన్నాడు.

"స్టెప్నీ వేశాను వదినా. జాకీ దించగానే అదీ కూర్చుండిపోయింది. పిల్లలకి ఇవాళ పరీక్ష."

ఆ టైరు అరిగి తీగలు బయటికొచ్చాయి. ఆమెకి ఒళ్లు మండిపోయింది. కానీ పిల్లల ముందు ఏమంటుంది? గబగబా తన వ్యాను తలుపు తీసి లోపలివాళ్లతో అంది. "నా స్టెప్నీ ఇచ్చేస్తే, దారిలో మనకి పంచరైతే వేరే దిక్కు లేదు. మీరు సరేనంటేనే ఇస్తాను."

ముందు సీట్లో ఉన్న, బేకరీ నడిపే ఆయన ముఖం ముడుచుకున్నాడు. "నా డయాలిసిస్ మిషను టైము దాటితే మళ్లీ రేపటిదాకా ఊపిరాడదు నాకు."

"పరీక్షకి ఆలస్యమైతే లోపలికి రానివ్వరండీ," అంది పక్కనున్న రిటైరైన టీచరమ్మ. "నేనూ రానిచ్చేదాన్ని కాదు."

బేకరీ ఆయన ఆమె వంక చూసి, చెయ్యి విదిలించాడు. "ఇచ్చెయ్, ఇచ్చెయ్. కానీ మెల్లగా పోనీ."

పిల్లల్ని దింపి రోడ్డుకి దూరంగా నిలబెట్టి, తన స్టెప్నీ దించి ఇచ్చింది. మరిది తిన్నగా జాకీ ఎత్తబోయాడు.

"ముందు నట్లు వదులు చెయ్యి! బండి లేపాక తిప్పితే నట్టు కాదు, చక్రం తిరుగుతుంది. ఇటుక పెట్టావా?"

వాడు చెప్పినట్టే చేశాడు. ఆ స్టెప్నీ వేసి, ఎదురెదురు నట్లు జతలుగా బిగించి, పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత దారి ఎంతకీ తరగలేదు. ప్రతి రాయీ మేకులాగే కనిపించింది. గుంటలు తప్పిస్తూ మెల్లగా తోలింది. ఎక్కడో ఠప్పుమంది. పక్కకి ఆపి, దిగి చుట్టూ తిరిగి చూసింది. చక్రం కింద నలిగిన నీళ్ల బాటిల్. ఎవరూ నవ్వలేదు.

ఆసుపత్రి చేరేసరికి నర్సు గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇంకాస్త ఆగితే ఈయన బెడ్డు వేరేవాళ్లకి ఇచ్చేసేదాన్ని," అని కసురుతూనే బేకరీ ఆయన్ని లోపలికి నడిపించింది.

రోగులు మిషన్ల మీద ఉన్నంతసేపూ ఆమె గేటుకీ వ్యానుకీ మధ్య తిరుగుతూనే ఉంది. తిరుగు ప్రయాణం ఉంది కదా. ఎండెక్కాక మరిది వ్యాను వచ్చి ఆగింది. పొద్దున పంచరైన తన చక్రాన్ని బాగు చేయించి, దాన్నే బిగించుకున్నాడు. ఆమె స్టెప్నీని, కడిగి మరీ, దింపాడు. వ్యాను వెనక తన స్టెప్నీకని కొన్న కొత్త టైరూ ఉంది.

"పిల్లలు?"

"రాస్తున్నారు. నువ్వు కూర్చోలేవని తెలుసు, అందుకే ఇటే వచ్చేశాను."

ఆమె గేజి పెట్టి చూసి, గొలుసుకి తగిలించింది. అప్పుడు గానీ బెంచీ మీద కూలబడలేదు. వాడు తెచ్చిన టీ సగం తాగి, గ్లాసు పక్కనపెట్టి మళ్లీ లేచింది.

"ఆ చక్రం వేశాక ఇంతదూరం తోలావు, నట్లు సడలి ఉంటాయి. మళ్లీ బిగించావా?"

మరిది తన గ్లాసూ పక్కన పెట్టాడు. స్పానరు కోసం చెయ్యి చాపాడు.