బాపును ‘మీరు’ అన్న ఎండాకాలం

ఆ ఏడు ఎండాకాలం సెలవులు మొదలైన రోజునే నేను బాగుపడాలని నిర్ణయించుకున్నాను. అప్పటికి ఐదేళ్లుగా శంషాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతున్నాను. ఐదేళ్లూ మూడో తరగతే. పిల్లలు నాలుగుకు పోయేవాళ్లు, నేను అక్కడే ఉండేదాన్ని. పన్నెండో ఎక్కం అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది. హెడ్మాస్టరుతో రెండుసార్లు గొడవపడ్డాను. రెండుసార్లూ న్యాయం నాదే, రెండుసార్లూ క్షమాపణ చెప్పిందీ నేనే. ఇక చాలనిపించింది.

కొత్త ఉద్యోగం కబురు తెచ్చింది మా బాపు. ఆయన గగన్‌పహాడ్‌లో ఒక పైపుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. మేముండేది సాతంరాయిలో, రోజూ సైకిలు మీద పోయి వచ్చేవాడు. ఫోన్లు ఎత్తడానికి, వచ్చినవాళ్లతో మాట్లాడటానికి కంపెనీలో ఒక అమ్మాయి కావాలట. జూన్‌లో ఇంటర్వ్యూ అట.

“ఫ్యాన్ కింద కూసునే పని బిడ్డా,” అన్నాడు బాపు. “గని ఒక్క ముచ్చట. నా బిడ్డవని ఆడ చెప్పకు. వాచ్‌మన్ బిడ్డ అంటే గా కుర్సీల ఎవలు కూసోబెడ్తరు?”

నాకు ఒళ్లు మండింది. అలాంటి కుర్చీ నాకెందుకు అనబోయి, మళ్లీ పన్నెండో ఎక్కం గుర్తొచ్చి ఊరుకున్నాను. దరఖాస్తులో తండ్రి పేరు నిజమే రాశాను. దానివల్ల ఇబ్బందేమీ రాలేదు. ఆ ఆఫీసులో ఆ పేరు ఎవరికీ తెలియదు, అక్కడ బాపు పేరు వాచ్‌మన్.

ఇంటర్వ్యూకు ఇంకా రెండు నెలలుంది. టైంటేబుల్ వేసి గోడకు అంటించాను. పొద్దున ఇంగ్లీషు. నెల రోజుల్లో ఇంగ్లీషు వచ్చేస్తుందని అట్ట మీద రాసిన పుస్తకం ఒకటి ఆరాంఘర్ దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్నాను. పదకొండో రోజుకు ‘మీ పడవ ఎన్ని గంటలకు బయలుదేరును?’ అని ఇంగ్లీషులో తడుముకోకుండా అడగగలిగాను. సాతంరాయిలో అడిగే అవకాశం రాలేదు. పదిగంటలకు టెలిఫోన్ సాధన. మాకు ఫోను లేదు కాబట్టి చపాతీ కర్ర చెవికి పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత అద్దం ముందు చిరునవ్వు, పది నిమిషాలు.

“పన్ను గుంజుతుందా?” అని అడిగింది అమ్మ.

“లేదమ్మా. చిరునవ్వు.”

“గట్లనా. జర లవంగం పెట్టుకో, తగ్గుతది.”

అసలు చిక్కు తెలుగుతో వచ్చింది. మా పక్కింట్లో కిరాయికి దిగిన ఆంటీది విజయవాడ వైపు. “గొంతు బాగుందమ్మా నీకు. మాటే కాస్త మార్చుకోవాలి,” అన్నారావిడ. మామూలు రోజుల్లో మా మాటను ఎవరైనా ఒక్క మాటన్నా వదిలిపెట్టే రకం కాదు నేను. కానీ అప్పుడు బాగుపడే పనిలో ఉన్నాను కాబట్టి, ఇంటికి పోయి నోటుబుక్కు తెచ్చుకున్నాను. ‘ఏంది’ కొట్టేసి ‘ఏమిటండీ’ రాసుకున్నాను. ‘గిట్ల’ పోయి ‘ఇలాగ’ వచ్చింది, ‘జర’ పోయి ‘కాస్త’ వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, ఎదుటివాళ్లు ఎవరైనా సరే ‘మీరు’ అనాలన్నారు ఆంటీ. నోటికి అలవాటు కావాలంటే ఇంట్లోంచే మొదలుపెట్టమన్నారు.

ఇంట్లోంచే మొదలుపెట్టాను. మా ఇళ్లలో అమ్మనైనా బాపునైనా ‘నువ్వు’ అనే అంటాం. ‘మీరు’ పోలీసులకు, డాక్టర్లకు, అలిగిన చుట్టాలకు. ఆ సాయంత్రం బాపు కాళ్లు కడుక్కుని వచ్చి అన్నానికి కూర్చున్నాడు.

“బాపూ, మీరు కాస్త పప్పు వేసుకుంటారాండీ?” అన్నాను.

బాపు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరొచ్చారోనని. ఎవరూ లేరు. గబగబా తిని లేచాడు. కాసేపటికి పెరట్లో అమ్మను అడుగుతుంటే నాకు వినిపించింది. “బిడ్డకు నేనేం జేసిన్నే? నన్నెందుకు గట్ల దూరం పెడుతుంది?”

“నౌకరి కోసం నేర్చుకుంటుందట. రెండు నెలలు ఓర్చుకో,” అన్నది అమ్మ.

బాపు ఓర్చుకున్నాడు. ఒక్క ఆదివారం మాత్రం, చర్చి నుంచి ఇంటికి నడిచి వస్తూ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు.

“ఇప్పుడు పాస్టరయ్య ప్రార్థన జేసిండు గదా. తండ్రీ, నీవు మా మొర ఆలకించు అన్నడు. దేవునికే నువ్వు అంటం. నన్ను మీరు అంటవ్. ఏంది, ఆయనకన్న పెద్దోన్నా నేను?”

“అది వేరండీ,” అన్నాను.

“పో అవతలికి,” అన్నాడు బాపు.

ఎందుకు వేరో నాకూ తెలియదు. అయినా ఆపలేదు. మే నెలాఖరుకు నా మాట ఎంత శుభ్రపడిందంటే, వంటింట్లో జొరబడిన కోడిని కూడా బయటికి వెళ్లండి అన్నాను. అమ్మ నన్ను అదోలా చూసి చీపురు తీసుకుంది.

ఇంటర్వ్యూ రోజున బాపు ముందుగా సైకిలు మీద పోయాడు, నేను తర్వాత బస్సులో పోయాను. గేటు దగ్గర రిజిస్టరు మీంచి తలెత్తకుండా, “ఎవర్ని కలవాలె మేడం?” అన్నాడు. అది మేం ముందే అనుకున్న మాటే. రిజిస్టర్లో పేరు రాసి లోపలికి పోయాను.

నాకంటే ముందు నలుగురు అమ్మాయిలు లోపలికి పోయి వచ్చారు. మేనేజరు పెద్దమనిషే, నెమ్మదిగా మాట్లాడాడు. ఇంగ్లీషులో నాలుగు అడిగితే రెండు చెప్పాను. పడవల గురించి ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఆయన, “ఎవరో ముందుగా చెప్పకుండా నన్ను కలవాలని వచ్చారనుకోండి. మర్యాదగా తిప్పి పంపాలి. ఏదీ, చూద్దాం,” అన్నాడు. వచ్చిన మనిషిగా అంతదాకా ప్యూను నటించాడట. సరిగ్గా అప్పుడే చాయ్ తేవడానికి పోయాడు. మేనేజరు కిటికీలోంచి గేటు వైపు చెయ్యి ఊపి, “వాచ్‌మన్, ఇట్రా,” అని పిలిచాడు.

బాపు చెప్పులు బయట విడిచి వచ్చి, నా ముందు నిలబడ్డాడు. ఏం చెయ్యాలో మేనేజరు చెప్పాడు. “సార్‌ను కలవాలె,” అన్నాడు బాపు, బల్లను చూస్తూ.

“నమస్కారమండీ. మీరెవరండీ? ఏ పని మీద వచ్చారండీ?” అన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు. రెండు నెలలు ఈ మనిషి మీదే కదా సాధన చేసింది. “సార్ మీటింగులో ఉన్నారండీ. దయచేసి మీరు మరోసారి రండి.” చివర్న చిరునవ్వు కూడా పెట్టాను.

“అట్లనే మేడం.”

మేనేజరుకు సరదా వేసింది. “ఏమయ్యా, ఎలా మాట్లాడింది ఈ అమ్మాయి?”

పోబోతున్న బాపు ఆగాడు. “ఎవలి బిడ్డనో గని సార్,” అన్నాడు, “మంచిగ మాట్లాడింది.”

“థాంక్యూ అండీ,” అన్నాను నేను.

హెడ్మాస్టరు మీద నోరు పారేసుకున్నదాన్ని. చిల్లర ఇవ్వని కండక్టరుతో ఆరాంఘర్ దాకా కొట్లాడినదాన్ని. ఈయన మా బాపు అని మూడు మాటలు అనలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ కుర్చీలోంచి కదల్లేదు. జీతం వివరాలు తర్వాత చెబుతామన్నారు. అలాగేనండీ అన్నాను.

ఇంటికి వచ్చాక బాపు సంబరం అంతా ఇంతా కాదు. “మస్తు జేసినవ్ బిడ్డా!” అని అమ్మకు మొత్తం ఆడి చూపించాడు, తన వేషమూ నా వేషమూ రెండూ తనే. అమ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం నాదే, ఆరు నెలలు చూసి పక్కా చేస్తారట. బడికి రాజీనామా ఇచ్చాను. హెడ్మాస్టరు శాలువా కప్పాడు, నన్ను వదిలించుకున్నందుకే అయ్యుంటుంది. చేరే ముందురోజు బాపు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. “గేటు కాడ నన్ను జూడకు, మాట్లాడకు. సక్కగ లోపలికి పో. ఆరు నెలల దాకా ఎవలికీ తెల్వొద్దు. తెలిస్తె ఏదన్న వంక పెట్టి తీసేస్తరు.” నేను తలూపాను.

పొద్దున తొమ్మిదిన్నరకు గేటు దగ్గర జనం. స్టాఫ్ బస్సు అప్పుడే దింపి పోయింది. వెనకే మేనేజరు కారు వచ్చి ఆగింది, ఆయన దిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను తల దించుకుని గేటులోకి అడుగుపెట్టాను.

బాపు స్టూలు మీంచి లేచాడు. ఆఫీసువాళ్లు ఎవరొచ్చినా లేవాలి, అక్కడి పద్ధతి అది. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఒక చెయ్యి గోడకు ఆనించి లేచాడు. రెండో చెయ్యి టోపీ దగ్గరికి తీసుకుపోయి, నా తల మీంచి ఎటో చూస్తూ నాకు సెల్యూట్ కొట్టాడు.

రెండడుగులు వేశాను. మూడోది పడలేదు. వెనక్కి తిరిగాను.

“కూసో బాపు,” అన్నాను. గట్టిగానే వచ్చింది, ఐదేళ్లు ఎక్కాలు అరిచిన గొంతు అది.

అందరూ తిరిగి చూశారు. బాపు మొహం పాలిపోయింది. “సార్ జూస్తుండు,” అన్నాడు, పెదవులు కదలకుండా. “లోపలికి పోండి మేడం.”

“జూడనియ్. నువ్వు కూసో.”