నా పేరున పెట్టిన ముద్ద

మా కాట్రేనికోన వైపు వేటకెళ్లే ఇళ్లలో నమ్మకాలకి కొదవ లేదు. పడవ ఎక్కబోయే మనిషిని వెనక్కి పిలవకూడదు, వల దాటకూడదు, ఇలాంటివి వింటూనే పెరిగాను. ఒక్కటీ నా బుర్రకెక్కలేదు. ఎవరికో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తుంటే, ముందు రక్తపరీక్ష చేయించండి అని చెప్పి పెద్దవాళ్ల చేత తిట్లు తిన్న రకాన్ని నేను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఏమనుకుంటారో మీ ఇష్టం.

పోయినేడాది అమలాపురంలో డిగ్రీలో చేరాను, న్యూట్రిషన్ గ్రూపు. మా ఊరు మరీ దూరమేం కాదు గానీ, నాన్న వేటకి పోతే రోజుల తరబడి రాడు, ఇంట్లో అమ్మమ్మకి కళ్లు సరిగా ఆనవు, అందుకని హాస్టల్లో వేశారు. అమ్మ కువైట్‌లో ఉంటుంది. నేను ఏడో తరగతిలో ఉండగా వెళ్లింది. అక్కడ ఒకరింట్లో వంట చేస్తుంది, వాళ్ల పిల్లలిద్దరినీ చూసుకుంటుంది. అమ్మ చేతి అన్నం తినే ఆ పిల్లల్ని ఫోన్‌లో చూపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ముద్దుగా ఉన్నారు కదే అనేది అమ్మ. నేను నెట్ సరిగా రావట్లేదని ఫోన్ పెట్టేసేదాన్ని.

హాస్టల్లో నా పక్క మంచం శ్రావ్యది. వాళ్లది కొత్తపేట. వాళ్లు పూర్తి శాకాహారులు, ఇంట్లో కోడిగుడ్డు కూడా అడుగుపెట్టదు. ప్రతి ఆదివారం వాళ్లమ్మగారు బస్సు దిగి కారేజీతో వచ్చేవారు. పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగు. శ్రావ్యని వరండాలో కూర్చోబెట్టి తలకి నూనె పెట్టి జడ వేసి మరీ వెళ్లేవారు. "నువ్వు కూడా రామ్మా, జడేస్తాను" అని నన్ను పిలిచేరొకసారి. తలనొప్పిగా ఉందండీ అని లోపలికి వెళ్లిపోయాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది, ఆవిడ ముందు ఏడవడం ఇష్టం లేక వెళ్లిపోయాను.

కారేజీ ఒక్కటే అయితే సర్దుకునేదాన్ని. మా కాలేజీలో న్యూట్రిషన్ క్లబ్ ఉంది. ఫస్టియర్ నుంచి ఒక ప్రతినిధిని తీసుకుంటారు. పల్లెల్లో క్యాంపులు పెట్టడం, అంగన్‌వాడీల్లో మాట్లాడడం వాళ్ల పని. నేను ఆ పదవికి ఎంత తయారయ్యానో దేవుడికే తెలియాలి. రక్తహీనత మీద స్పీచ్ రాసుకుని, బాత్రూమ్ అద్దం ముందు చెప్పుకుని, హాస్టల్ వాచ్‌మన్‌కి కూడా వినిపించాను. శ్రావ్య ఏ తయారీ లేకుండా వచ్చి నవ్వుతూ నాలుగు ముక్కలు చెప్పింది. తననే తీసుకున్నారు. పైగా రూముకొచ్చి, నీ స్పీచే బాగుంది దుర్గా అంది. ఆ మాటకి నాకు ఇంకా మంటెక్కింది.

క్యాంపుకి ముందు మాకు ఒక పని నేర్పారు. మనిషిని కూర్చోబెట్టి, నిన్న పొద్దుట లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏం తిన్నారో అడిగి చెప్పించాలి. దాన్ని రీకాల్ అంటారు. వినడానికి తేలిగ్గానే ఉంటుంది గానీ దానికో కచ్చితమైన పద్ధతుంది. తిండి పేరు మనం అందించకూడదు. పాలు తాగారా అని అడిగితే మొహమాటానికి తాగామంటారు. అందుకని "ఇంకా?" అని మాత్రమే అడగాలి. చెప్పింది విని ఆశ్చర్యపోకూడదు, నవ్వకూడదు. రంగు ఎలా ఉంది, చిక్కగానా పల్చగానా, ఎంత తిన్నారు, ఇవి అడగొచ్చు. మాకు పాఠం చెప్పే విజయ మేడమ్ దీని దగ్గర చాలా కఠినంగా ఉండేవారు.

ఒక శనివారం క్లాసు ముందు చేసి చూపించమని నన్నూ శ్రావ్యనీ లేపారు. నేను అడగాలి, తను చెప్పాలి, మేడమ్ బోర్డు మీద రాస్తారు. నాకు అదీ నచ్చలేదు. తన తిండి గురించి నేను అడుగుతూ నిలబడాలా అనిపించింది.

శ్రావ్య చకచకా చెప్పింది. పొద్దుట హాస్టల్ ఉప్మా. మధ్యాహ్నం క్యాబేజీ కూర, సాంబారు, మజ్జిగ. సాయంత్రం టీ, రాత్రి చపాతీ. అవన్నీ నాకు తెలిసినవే, నేనూ అవే తిన్నాను. తర్వాత పద్ధతి ప్రకారం, మధ్యాహ్నం అన్నానికీ టీకీ మధ్య ఇంకేమైనా తిన్నారా అని అడిగాను.

లేదు అంటుందనుకున్నాను. తను కాసేపు ఆగింది. కళ్లు కిందికి దించి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు పెదాలు తడుపుకుంది. "అన్నం. ఒక ముద్ద" అంది.

"ఇంకా?"

"అందులో ఆనపకాయ. చిన్నచిన్నగా వంకరగా ఏవో ఉన్నాయి. నమిలితే ఉప్పగా, గట్టిగా. పైన ఏదో వేయించిన పొడి చల్లేరు. కొంచెం తియ్యగా కూడా ఉంది."

వెనక బెంచీలో ఎవరో, అవి ఎండ్రొయ్యలు మేడమ్ అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. మేడమ్ కూడా నవ్వు ఆపుకుని, ఎంత తిన్నావో చూపించమన్నారు. బల్ల మీద కొలత గిన్నెలున్నాయి. శ్రావ్య వాటివైపు చూడలేదు. అరచెయ్యి చాపి, "ఇంత మేడమ్. చేతిలో పెట్టేరు" అంది.

"ఎవరు పెట్టేరమ్మా?"

"తెలీదండీ" అంది. అప్పుడుగానీ తనేం చెప్పిందో తనకి తెలిసినట్టు లేదు. మొహం తెల్లబోయింది.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అది మా అమ్మ కూర. ఆనపకాయ, ఎండ్రొయ్యలు ఎవరైనా వండుతారు. కానీ అమ్మ రొయ్యల తలలు పారేయకుండా దోరగా వేయించి, పొడి చేసి, దించేముందు చల్లుతుంది. చిన్నప్పుడు నేను కారం తినలేనని ఒక తాటిబెల్లం ముక్క కూడా వేసేది. మా ఊళ్లో చెబితే రొయ్యల్లో బెల్లమేంటని నవ్వుతారు. అందుకే హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. పైగా శుక్రవారం ఆ వేళకి మేమంతా కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నాం. లోపలికి మంచినీళ్లు కూడా రానివ్వరు. శ్రావ్య నా ఎదురు బల్ల దగ్గరే ఉంది.

నాకు తట్టింది ఒక్కటే. నేను ఎప్పుడో ఫోన్‌లో అమ్మతో మాట్లాడుతుంటే పొంచి విని, నన్ను నలుగురిలో వెక్కిరించిందని. క్లాసు అవగానే బట్టలారేసే చోట పట్టుకుని గట్టిగా అడిగేశాను. తను ఏడ్చింది. "ఒట్టు దుర్గా, నాకేం తెలీదు. నువ్వడిగే దాకా గుర్తే లేదు. అడగ్గానే నోట్లో ఉన్నట్టే అనిపించింది. మా అమ్మకి మాత్రం చెప్పకు" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కళ్లు తుడుచుకుంటూ, "కానీ చాలా బాగుంది" అంది. ఆ మాట నేను ఇంతవరకూ మర్చిపోలేదు.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. నేను ఇంకా నోరు తెరవలేదు. అమ్మే మొదలుపెట్టింది. నిన్న వాళ్లింట్లో అందరూ తాతగారింటికి భోజనానికి వెళ్లారట, చాన్నాళ్లకి తన కోసం వండుకుందట. అమ్మమ్మ పంపిన ఎండ్రొయ్యలు, ఆనపకాయ.

"నీకు కలిపి పెట్టిన ముద్ద నిన్న చప్పగా ఉందే. నా కంచంలో అన్నం బాగానే ఉంది. అదొక్కటే ఉప్పూ కారం ఏం లేకుండా పీచులా ఉంది. నీకు ఒంట్లో బాగోలేదేమోనని భయమేసింది" అంది.

నాకు పెట్టిన ముద్దేంటని అడిగాను. అప్పుడు చెప్పింది. కువైట్ వెళ్లిన దగ్గర్నుంచి, కంచం ముందు కూర్చోగానే మొదటి ముద్ద నా పేరున కలిపి కంచం అంచున పెడుతుందట. మిగతా అన్నమంతా తిన్నాక చివర్లో దాన్ని తనే తింటుందట. వాళ్ల అమ్మ, అంటే మా అమ్మమ్మ, తాత వేటలో ఉన్నన్నాళ్లూ అలాగే చేసేదట. ఇన్నేళ్లలో నాకెందుకు చెప్పలేదంటే, చెప్పడానికేముందే అంది.

వాళ్లు మధ్యాహ్నం తినే వేళకి మనకి సాయంత్రం కావస్తుంది. అంటే ల్యాబ్ వేళే, ఆ ముద్దలో పోయిన రుచి శ్రావ్య నోటికి తగిలిన వేళే.

నేను శ్రావ్య సంగతి చెప్పాను. అమ్మ ముందు నవ్వింది. తర్వాత ఆ పిల్లది ఏ ఊరు, ఏం పేరు అని అడిగింది. వాళ్లు నీచు ముట్టరని చెబితే, అయ్యో అని నొచ్చుకుంది. ఏళ్ల తరబడి నా పేరున పెట్టిన ముద్ద ఒక్కటైనా నా నోటికి తగిలిందా? వారం వారం కారేజీ తినే మనిషికి అది కూడా కావాలా?

అందుకే పరీక్ష పెట్టాను. శుక్రవారం మళ్లీ వండమన్నాను. ఏం వండుతుందో నాకు చెప్పొద్దన్నాను. రుచి నేనే చెబుతాను, సరిపోయిందో లేదో నువ్వు చూడు అన్నాను. అమ్మ "ఆయ్, అలాగేలే" అంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నేను అన్నం మానేశాను. నోరు శుభ్రంగా ఉండాలని టీ కూడా తాగలేదు. ఆ రోజు ల్యాబ్ లేదు, ఆ వేళకి సెమినార్ హాల్లో క్లబ్ మీటింగ్. శ్రావ్య ముందు నిలబడి క్యాంపు పనులు పంచుతోంది. నాకు బరువు తూచే మిషన్ మోసుకెళ్లే పని పడింది. నేను వెనక వరసలో కూర్చుని కళ్లు మూసుకున్నాను. నోట్లో ఏమీ లేదు. ఆకలి తప్ప ఏమీ లేదు.

శ్రావ్య గొంతు ఆగింది. కళ్లు తెరిచి చూశాను. చేతిలో కాగితం అలాగే పట్టుకుని నిలబడింది. అందరూ చూస్తూనే ఉన్నారు, దగ్గొచ్చిందేమోనని ఒకమ్మాయి నీళ్ల సీసా ఇచ్చింది. తను తీసుకోలేదు. మెల్లగా మింగి, అంతమందిలో నన్ను వెతుక్కుని చూసింది. తర్వాత పనులు పంచడం మామూలుగా పూర్తి చేసింది.

బయట కుళాయి దగ్గర నా వెనకే వచ్చింది. "పెసరపప్పు, మెంతికూర. పోపులో ఎండుమిరపకాయ ఎక్కువ వేశారు. మీ అమ్మగారికి కడుపు నిండిందని చెప్పు" అంది. తన మొహంలో భయం లేదు. వరండాలో జడ వేయించుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేను కుళాయి కట్టేసి వచ్చేశాను. తప్పు చెప్పిందని మనసులో సంతోషించాను కూడా. అమ్మకి పెసరపప్పు పడదు, కడుపుబ్బరం. తన కోసం ఎప్పుడూ వండుకోదు.

రాత్రి అమ్మ ఫోన్ చేస్తే, ఏం వండావని మాత్రమే అడిగాను. పేరు అందించలేదు.

"పెసరపప్పులో మెంతికూర వేశానే" అంది.

"నీకు పడదు కదా."

"ఆ పిల్ల నీచు తినదన్నావు కదే. తెలిసి తెలిసి మళ్లీ ఎండ్రొయ్యలు ఎలా పెడతాను?"

ముద్ద ఎవరి పేరున పెట్టావమ్మా అని అడిగాను. అమ్మ కొంచెం తటపటాయించింది. ఇద్దరికీ పెట్టానే, రెండు ముద్దలు అంది. ఒకటి నీకు, ఒకటి తనకి, పాపం పరాయి పిల్లయినా వచ్చి తిందంటే కాదనలేం కదా అంది.

"నా ముద్ద ఎలా ఉంది?"

అమ్మ సంతోషంగానే చెప్పింది. "నీది బాగానే ఉందే. ఉప్పూ కారం అన్నీ సరిపోయాయి. తనకి పెట్టిందే చప్పబడిపోయింది."

ఇది మా మేడమ్‌కి చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు. నేనూ ఎన్నో విధాల ఆలోచించాను. మొదటిసారి ఎక్కడో విని ఉంటుందని సర్దిచెప్పుకున్నా, రెండోసారి ఏం వండుతుందో నాకే తెలియదు. అమ్మ నంబరు శ్రావ్య దగ్గర లేదు. శ్రావ్యని ఇంకేం అడగలేదు, తనూ ఇంకేం చెప్పలేదు. ఇప్పుడు అమ్మ ఫోన్ చేస్తే ముందు ఆ అమ్మాయి బాగుందా అని అడుగుతుంది, బాగుందని చెబుతాను.

అదెలా జరుగుతోందో నాకు తెలియదు. నా దాకా ఎందుకు రాదో అంతకన్నా తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం నేను ఇప్పటికీ అన్నం తినను.