యాడికని అడగకూడని ఇల్లు

చెంబు జారి నాపబండ మీద మోగితే, యాభై దాటిన నేను ఇప్పటికీ తల వంచుకుంటాను. నంద్యాలలో మా ఇంటి యజమానురాలు రంగమ్మక్క విసిరిన చెంబుల మోతకు స్టేషన్లో రైలింజను కూడా కూత మింగేసేదని నా నమ్మకం. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు కొత్త పంతులుగా ఆమె పక్కగదిలో దిగాను.

పొద్దున "దేవుడిచ్చిన తమ్ముడివప్పా" అంటూ సంగటిలో చెరువంత నెయ్యి పోసేది. సాయంత్రం నేను కాస్త ఆలస్యమైతే, "నువ్వూ అందరి మాదిరే! పో ఈడ్నించి" అని నా పరుపు వీధిలో పడేసేది. దీపాల వేళకు దాన్ని తానే దులిపి తెచ్చి ఏడ్చేది. ఏ రంగమ్మక్క నిజమో తెలియక, పెట్టె సగం సర్దుకునే అక్కడ కాపురమున్నాను.

ఆమె భర్త శెట్టి శనక్కాయల వ్యాపారి. బయలుదేరే మనిషిని "యాడికి?" అంటే పని చెడుతుందని మా వైపు నమ్మకం. ఆమె అడుగుతుందేమోనని ఆయన పెరటి గోడ దూకి కోయిలకుంట్లకు పోయేవాడు. లేచి చూస్తే మొగుడుండడు. "నన్నిడ్సిపెట్టి పాయ, నేను సస్తా" అని ఆమె వీధిన పడేది. దయ్యం పట్టిందని వేపమండలయ్యాయి, తాయెత్తులయ్యాయి. చివరికి శెట్టి విసిగి, ఆమెను ఆళ్లగడ్డలో పుట్టింట దింపి, ఇక తీసుకురానన్నాడు. బడికి సెలవులు కనుక నన్నూ తోడు లాక్కెళ్లాడు.

ఆళ్లగడ్డలో పుట్టింటివాళ్లు పిలిపించిన ముసలి డాక్టరొకాయన ఆమె చెప్పిందంతా అడ్డు తగలకుండా విన్నాడు.

"దయ్యమూ లేదు గియ్యమూ లేదు శెట్టీ. పుండు మీద గాలి తగిలినా మంటే గదప్పా, ఆయమ్మ మనసట్లాంటిది. సస్తానంటే ఉత్తమాట అనుకోవద్దు, పక్కన కూచో. అరిస్తే అరవద్దు. పోయేటప్పుడు చెప్పి పో, చెప్పిన పొద్దుకు రా."

"మందు?"

"ఇదే. ఏండ్లు పడుతుంది."

"చెప్పి పోతే యాపారం మునుగుతుంది సామీ!"

"చెప్పకుండా పోయి ఇల్లు ముంచుకుంటివి గదా."

మరునాడు శెట్టి నన్ను అక్కకు తోడుంచి, జన్మలో మొదటిసారి తలవాకిట నిలబడి, బలికి పోయే పొట్టేలులా చెమటలు కక్కుతూ అన్నాడు: "నంద్యాలకు పోతాండా. బేస్తవారం సాయంత్రం బస్సుకొస్తా."

బేస్తవారం బస్సొచ్చింది, శెట్టి దిగలేదు. అక్క ముఖం చూసి పారిపోదామనుకుంటూనే పక్కన కూర్చున్నాను. నడిరేయి దాటాక, మూడు ఊళ్ల దుమ్ము మోసుకుని శెట్టి నడిచొచ్చాడు. చెంబు లేచి ద్వారబంధానికి తగిలింది.

"యాడ సచ్చినావు?"

"బస్సు తప్పిపాయ. నడ్సొచ్చినా."

ఆమె ఆయన దుమ్ముకాళ్లు చూసింది. సొట్టపోయిన ఆ చెంబుతోనే నీళ్లు తెచ్చిచ్చింది. మరునాడు ముగ్గురం నంద్యాల బస్సెక్కాం.

డాక్టరు చదివిన మా అన్న కూతురు మొన్న అక్క సంగతంతా విని, ఆ తీరుకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు చెప్పింది. ఓపికగా మాటలతో చేసే వైద్యం ఉందట, చాలామంది కుదుటపడతారట. రంగమ్మక్క కుదుటపడిందా? చెంబులు తగ్గాయి, ఆగలేదు. నాకిప్పటికీ అర్థం కాలేదు. కానీ గడప దగ్గర మా ఆవిడ "యాడికి?" అని అడిగేదాకా నా కాలు కదలదు.