స్లైడులో పడుగు పోగులు

ఆ అమ్మాయికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. సొంతూరు దివిసీమలో. చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకు రాళ్లు అతికిస్తూ మేనత్త ఇంట్లో ఉండేది. కుడి డొక్కలో గట్టిగా తగులుతోందని స్కాన్ తీయిస్తే కాలేయంలో పెద్ద గడ్డ బయటపడింది. సూదితో తీసిన ముక్క బందరులో మా ల్యాబుకి వచ్చింది. ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బు ఏదో చెప్పే డాక్టర్ని నేను.

రిపోర్టు కోసం వాళ్ల నాన్న ముందే వచ్చి కూర్చున్నాడు.

"లివర్లో క్యాన్సరంటే ఇంకేం లేదు, ఇంటికి తీసుకెళ్లి నచ్చినవి వండిపెట్టుకోమంటున్నారు మావాళ్లు. మీరూ అదే అంటారా డాక్టరమ్మా?"

"ముందు నన్ను చూడనివ్వండి బాబాయి గారూ" అని లోపలికి వెళ్లాను.

నాకు ఒకటే అనుమానం. ఈ క్యాన్సర్ ఎక్కువగా తాగుడు వల్లో, వైరస్ వల్లో ఏళ్ల తరబడి పాడైన కాలేయానికి వస్తుంది. ఈమెకి అవేవీ లేవు. ఈ క్యాన్సర్‌లో రక్తంలో తరచుగా పెరిగే ప్రోటీను కూడా మామూలుగానే ఉంది.

స్లైడు పెట్టి కన్ను ఆనించాను. పెద్ద పెద్ద కణాలు, ముదురు గులాబీ రంగులో. వాటి మధ్య పీచు పోగులు పక్కపక్కనే, పెడన మగ్గం మీద పడుగు సాగదీసినట్టు. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మగా తప్ప నేనెప్పుడూ చూడని రకం! ఫైబ్రోలామెల్లార్ అంటారు. చాలా అరుదు. చిన్న వయసులో, ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో వస్తుంది. మిగతా కాలేయం బాగుంటుంది కాబట్టి, గడ్డ పాకకపోతే కోసి తీసేయొచ్చు.

ఫొటోలు తీసి మా పాత ప్రొఫెసర్ గారికి పంపి, వెంటనే ఫోన్ చేశాను.

"ఏవమ్మా, ఈ వయసులో నాకు పరీక్ష పెడుతున్నావా?"

"పరీక్ష కాదు సార్, మా దగ్గరికొచ్చిన కేసే!"

ఆయన గొంతులోనూ హుషారు వచ్చింది. "నువ్వనుకున్నదే అయ్యుంటుంది. అయినా తొందరపడి రాసేయకు. ముక్క ఇటు పంపు, జన్యు పరీక్ష చేయిద్దాం."

పరీక్ష కూడా అదే తేల్చింది. గడ్డ వేరే చోటికి పాకలేదని స్కాన్లు చెప్పాయి. ఆపరేషన్‌తో కాలేయంలో దాదాపు సగంతో పాటు గడ్డని తీసేయడానికి వీలుందని తండ్రిని పిలిచి చెప్పాను.

"సగం కోసేస్తే ఎట్టా బతుకుద్దమ్మా?"

"మిగిలింది పెరుగుతుందండీ."

"వరి దుబ్బు పిలకలేసినట్టా!" అంటూ కళ్లు తుడుచుకుని నవ్వాడు.

విజయవాడలో ఆపరేషన్ చేసి గడ్డని పూర్తిగా తీశారు. కోసిన అంచుల్లో జబ్బు మిగల్లేదని తెలిసిన రోజు ల్యాబులో అందరికీ నేనే బందరు లడ్డు పంచాను. మళ్లీ రాగల రకం కాబట్టి ఆమె క్రమం తప్పకుండా స్కాన్లకు వెళ్తోంది. ఇప్పటిదాకా అన్నీ బాగున్నాయి.

మొన్న ల్యాబుకి వచ్చి తన స్లైడు చూపించమంది. చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇంత అందంగా ఉందేంటండీ, మాయదారిది!" అంది.